తోడుకు లైసెన్సా?

తాగుడు మానిన మనిషి మరో తాగుబోతుకు తోడు నిలవాలంటే ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండాలా? ఈ ప్రశ్న వేస్తే మన అవాలిలో చాలామంది వెంటనే ‘ఉండాలి’ అంటారు. కాగితం చూపించి ఈ దేశంలో అడుగు పెట్టినవాళ్ళం గదా! ఈ ఒక్క విషయంలో మాత్రం ఆ అలవాటు మనల్ని పెడదారి పట్టిస్తుందని మా వాదన.

1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్ళో ఒక స్టాక్ బ్రోకరు, ఒక సర్జను, ఇద్దరూ తాగుబోతులే, కలిసి కూర్చోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టింది. సర్జనును నిలబెట్టింది అతని డిగ్రీ కాదు, తనలాగే పడి లేచినవాడి మాట. ఆ సంఘంలో ఫీజు లేదు, పూర్తి పేరు చెప్పనక్కరలేదు. అలా ఊరికే తోడుండేవాణ్ణి రిజిస్టరులో పేరు రాయించుకోమంటే ఆ గుట్టు కాస్తా పోతుంది. ఉద్యోగం, వీసా, పిల్ల పెళ్ళి తలుచుకుని భయపడే మనబోటివాడు ఇక ఆ గడప తొక్కుతాడా?

జీతం తీసుకునేవాడి సంగతి వేరు. 1999లో జార్జియా రాష్ట్రం ఇటువంటి సహాయానికి మెడికెయిడ్ సొమ్ము ఇప్పించి అమెరికాలో దారి చూపింది. 2007లో అక్కడి కేంద్ర ప్రభుత్వం శిక్షణతో కూడిన సర్టిఫికెట్, పైవారి పర్యవేక్షణ, మిగతా చికిత్సతో పొందిక ఉండాలన్నది. ఇవి న్యాయమైన షరతులే. కాని పాత పోలీసు కేసు ఉందని మనిషిని తోసెయ్యడం కూడా అక్కడ చాలాచోట్ల ఉంది. అనుభవమే అర్హత అంటూ, ఆ అనుభవం మిగిల్చిన మచ్చ చూసి గెంటెయ్యడం ఏం న్యాయం?

మన ఆంధ్రలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దానికి సడలింపు. అన్నీ సీసా చుట్టూ తిరిగిన చట్టాలే! 2017 నాటి కేంద్ర మానసిక ఆరోగ్య చట్టం మత్తు వల్ల వచ్చే మానసిక జబ్బులను లెక్కలోకి తెచ్చి, చికిత్సా కేంద్రాలు రిజిస్టరు కావాలన్నది. సైకాలజిస్టును, నర్సును, సోషల్ వర్కరును నమోదు చెయ్యమన్నది. తాగుడు మాని పదిమందిని మాన్పించేవాడికి మాత్రం ఆ జాబితాలో చోటు లేదు.

అతనికి చోటివ్వండి. డిగ్రీ అడగవద్దు. తెలుగులో శిక్షణ, సరైన జీతం, గుట్టు కాపాడతానన్న మాట, తప్పు చేస్తే ఫిర్యాదు చేసే చోటు, ఇవి చాలు. కఠినమంతా రోగిని కట్టేసి కొట్టే కేంద్రం మీద చూపండి.

సెలవుల్లో ఇంటికి వెళ్ళి తమ్ముణ్ణో బావమరిదినో చికిత్సకు చేర్పించేవారికి మా మనవి ఒక్కటే. గోడమీది సర్టిఫికెట్ చూడండి. చూశాక, మాని నిలబడ్డవారు ఇక్కడ ఎవరు పనిచేస్తున్నారని కూడా అడగండి.