తనిఖీ చేసేవాడు ఎవరి మనిషి?

కోడు రాసినవాడే దాన్ని పరీక్షించి, పరీక్షించినవాడే "అంతా బాగుంది" అని సంతకం పెట్టే ప్రాజెక్టు ఎక్కడైనా ఉందంటే మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం నవ్వుకుంటాం. అదే పని ఒక రాష్ట్ర ప్రభుత్వం చేస్తే మాత్రం మనకి నవ్వు రాదు. పైగా తెర మీద రంగురంగుల డాష్‌బోర్డు చూసి "మనవాళ్ళు ఎంత ముందుకెళ్ళిపోయారో" అని మురిసిపోతాం.

నేనుండేది ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో. ఇక్కడి బాలాజీ గుడిలో దర్శనమయ్యాక నలుగురు తెలుగువాళ్ళం ఒకచోట చేరితే, మాటలు ఎక్కడ మొదలైనా చివరికి మన రాష్ట్రాల రాజకీయాల దగ్గరికే చేరతాయి. ఏ ముఖ్యమంత్రి ఎన్ని సేవలు ఆన్‌లైన్ చేశాడు, ఏ పథకంలో ఎన్ని లక్షల మందికి డబ్బు చేరింది అని లెక్కలు చెప్పుకుంటాం. నేను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఆ లెక్క రాసిందెవరండీ?" డబ్బు పంచిన శాఖే అయితే, అది లెక్క కాదు, ప్రకటన.

డాష్‌బోర్డు చెప్పేది శాఖ ఎంత పంపిందో. మూల్యాంకనం చెప్పాల్సింది మనిషికి ఎంత అందిందో, అందినందువల్ల ఏం మారిందో. మొదటిది ఆ శాఖ తనే చేసుకోవచ్చు. రెండోది చేసేవాడు ఆ శాఖ మనిషి కాకూడదు. ఇందులో నిజాయితీపరులా కాదా అన్న పేచీ లేదు. నేను పనిచేసిన ఒక క్లయింటు దగ్గర టెస్టింగ్ బృందం డెవలప్‌మెంట్ మేనేజరుకే రిపోర్టు చేసేది. రిలీజు తేదీ దగ్గరపడే కొద్దీ 'తీవ్రం' అని రాసిన దోషాలు ఒక్కొక్కటే 'స్వల్పం' అయిపోయేవి. ఎవరూ అబద్ధమాడలేదు. జీతం పెంపు ఎవరి చేతిలో ఉందో ఆయన ముఖం చూసి మాట్లాడారు, అంతే.

ఈ విషయంలో మన రాష్ట్రం వెనకబడి ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక సంగతిలో మనం దేశానికే దారి చూపించాం.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. 2005 నాటి ఆ చట్టంలో 17వ సెక్షన్, గ్రామసభ ఈ పనుల మీద సామాజిక తనిఖీ జరపాలని చెప్పింది. చాలా రాష్ట్రాలు ఆ వాక్యాన్ని చదివి పక్కన పెట్టాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం, రాజస్థాన్‌లో ఈ పద్ధతిని నడిపిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవం తీసుకుని, 2006లోనే పని మొదలుపెట్టింది. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది.

అది నడిచే తీరు చూడండి. కూలీ కుటుంబాల్లోంచి చదువుకున్న యువతీ యువకుల్ని ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. వాళ్ళని సొంత ఊరికి కాకుండా వేరే ఊరికి పంపుతారు. వాళ్ళు మస్టర్లు చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, "అమ్మా, ఈ వారం నువ్వు ఆరు రోజులు పనికెళ్ళినట్టుంది, నిజమేనా? డబ్బు ఎంత వచ్చింది?" అని అడుగుతారు. తవ్విన చెరువు దగ్గరికి వెళ్ళి టేపుతో కొలుస్తారు. చనిపోయినవాళ్ళ పేరు మీద, ఊళ్ళో లేనివాళ్ళ పేరు మీద రాసిన దొంగ మస్టర్లు ఇలాగే బయటపడ్డాయి. తేలినదంతా ముందు గ్రామసభలో, తర్వాత మండల ప్రజావేదికలో అధికారుల ఎదుటే మైకులో చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు అక్కడే సమాధానం చెప్పుకోవాలి.

వాడే మనిషి చేతికే టెస్టు రిపోర్టు ఇచ్చి గట్టిగా చదివించడమంటే ఇదే. మన కంపెనీల్లో ఎన్నిటికి ఆ ధైర్యముంది?

మరి ఇది సరిపోయిందా? ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 2006–2010 మధ్య ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికల్ని తిరగేసి 2014లో ఫలితాలు ప్రచురించారు. కూలీల వేతనాల్లో అక్రమాలకి సంబంధించిన సొమ్ము కాస్త తగ్గింది. కానీ సులువుగా దొరకని మెటీరియల్ బిల్లుల అక్రమాలు పెరిగాయి. బయటపడిన సొమ్ములో చాలా భాగం రికవరీ కాలేదు, పెద్ద శిక్షలు పడ్డవాళ్ళు బహు తక్కువ. అంటే దోషం దొరికింది, లాగ్‌లో ఎక్కింది, అందరూ చదివారు, కానీ మూసినవాడు లేడు. దొంగ కూడా టెస్టర్‌ని చూసి నేర్చుకుంటాడు. టెస్టు కేసులు లేని చోటికి మకాం మారుస్తాడు.

ఈ లోటు ప్రభుత్వానికీ తెలుసు. అందుకే ఇలాంటి కేసుల విచారణకి ప్రత్యేక సంచార కోర్టులు పెట్టేందుకు 2012లో ఒక చట్టం కూడా చేశారు. అయితే సొసైటీ మాత్రం, ఎంత స్వతంత్రంగా నడిచినా, ఉన్నది గ్రామీణాభివృద్ధి శాఖ గొడుగు కిందే. మంచి అధికారులున్నంత కాలం ఆ గొడుగు నీడనిస్తుంది. వాళ్ళు మారితే అదే గొడుగు కప్పేస్తుంది కూడా.

ఇక్కడ ఇల్లినాయ్ కథ కొంచెం చెప్పుకోవాలి. మా రాష్ట్రమేమీ సత్యహరిశ్చంద్రుడి రాజ్యం కాదు. గవర్నర్లుగా చేసినవాళ్ళలో నలుగురు జైలుకెళ్ళారు! 1956లో అయితే ఇంకా విచిత్రం. ప్రభుత్వ లెక్కలకి ఆడిటర్‌గా ఎన్నికైన ఆర్విల్ హాడ్జ్ అనే పెద్దమనిషే దొంగ చెక్కులు రాసుకుని లక్షల డాలర్లు కాజేసి పట్టుబడ్డాడు. చెక్కులు జారీ చేసేదీ ఆయన కార్యాలయమే, పద్దులు చూసేదీ ఆయనే. కంచే చేను మేయడమంటే అదే.

ఆ దెబ్బ నుంచి నేర్చుకున్న పాఠం 1970 రాజ్యాంగంలో కనిపిస్తుంది. చెల్లింపుల పని కంప్ట్రోలర్‌కి ఇచ్చి, తనిఖీ పని ఆడిటర్ జనరల్‌కి అప్పగించారు. ఆయన్ని నియమించేది గవర్నర్ కాదు, శాసనసభ. రెండు సభల్లోనూ ఐదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. పదవీకాలం పదేళ్ళు. కారణం చూపించి, మళ్ళీ అంతమందీ ఓటేస్తే తప్ప తీసెయ్యడానికి వీల్లేదు. అంటే మామూలు ఆధిక్యం ఉన్న పార్టీ తన మనిషిని తోసుకొచ్చి కూర్చోబెట్టడం కష్టం, నచ్చనివాణ్ణి పంపెయ్యడం ఇంకా కష్టం.

దీనివల్ల ఏమవుతుందో 2014 ఫిబ్రవరిలో చూశాం. గవర్నర్ పాట్ క్విన్ 2010లో షికాగో పరిసరాల్లో హింస తగ్గించడానికని 5 కోట్ల డాలర్లకి పైగా ఖర్చుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. దాన్ని తనిఖీ చెయ్యమని తీర్మానించిన ప్రతినిధుల సభలో ఆధిక్యం ఆయన సొంత పార్టీదే. ఆడిటర్ జనరల్ విలియం హాలండ్ నివేదికలో, ప్రణాళిక నుంచి అమలు దాకా అంతటా లోపాలేనని తేలింది. నేరాలు ఎక్కువగా జరిగే పేటలు కొన్నిటికి ఆ డబ్బు అసలు దక్కనే లేదు. అది ఎన్నికల సంవత్సరం. అయినా నివేదిక ఆగలేదు.

నాకు ఇంకా నచ్చిన చిన్న విషయం ఒకటుంది. ఇక్కడ ప్రతి శాఖనీ కనీసం రెండేళ్ళకొకసారి తనిఖీ చేస్తారు. దొరికిన లోపాల్లో కొత్తవెన్ని, గతంలో చెప్పినా సరిదిద్దనివెన్ని అని నివేదికలోనే విడివిడిగా చూపిస్తారు. పక్కనే శాఖ సమాధానం ఉంటుంది. మళ్ళీ తెరుచుకున్న బగ్గుల జాబితా అన్నమాట. సిగ్గు అనేది ఒకటుంటే, అది పనిచేసేది ఇలాంటి చోటే.

"మనకి కాగ్ ఉంది కదా" అంటారేమో. ఉంది, రాజ్యాంగ రక్షణతోనే ఉంది, పథకాల పనితీరు మీద నివేదికలూ ఇస్తుంది. కానీ అవి సభ ముందుకొచ్చేసరికి తరచుగా ఏళ్ళు గడుస్తాయి. రిలీజయిన మూడేళ్ళకి వచ్చే టెస్టు రిపోర్టు చరిత్రకారులకి పనికొస్తుంది, పింఛను అందని ముసలమ్మకి కాదు.

పథకం నడుస్తుండగానే పరీక్షించడం కూడా మన రాష్ట్రం చేసి చూపించింది. ఉపాధి కూలి, పింఛన్లు వేలిముద్రలతో చెల్లించే స్మార్ట్ కార్డుల్ని ఒక్కసారిగా అంతటా పెట్టకుండా, ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. 2010–2012 మధ్య ఎనిమిది జిల్లాల్లో 157 మండలాల్ని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు ఇలా పోల్చి చూశారు. మనం ఏ/బీ టెస్టింగ్ అనేది ఇదే, కాకపోతే ఇక్కడ మీటనొక్కేవాళ్ళు కాదు, మండలాలకి మండలాలు. కార్డులొచ్చిన చోట కూలి డబ్బు త్వరగా అందింది, ఉపాధి సొమ్ములో దారిలో కారిపోయేది దాదాపు 40 శాతం తగ్గింది. అసలు మలుపు ఆ తర్వాతది. కార్డులు ఇబ్బందిగా ఉన్నాయని కింది నుంచి ఫిర్యాదులొచ్చి, 2013లో ప్రభుత్వం వాటిని ఎత్తేద్దామనుకుంది. అందుకున్న జనంలో తొంభై శాతానికి పైగా కార్డులే కావాలంటున్నారని సర్వే చూపించాక ఆ ఆలోచన ఆగింది. గొంతున్నవాడి ఫిర్యాదు సచివాలయానికి తనంతట తనే చేరుతుంది. గొంతు లేనివాడి సంతృప్తి చేరాలంటే ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి.

ఖర్చు ఎక్కువంటారా? 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కులు పంచినప్పుడు, లాటరీలో వచ్చిన కొన్ని మండలాల వ్యవసాయాధికారులకి "మీ రైతులకి ఫోన్ చేసి అడుగుతాం" అని ముందే చెప్పారు. అంతే, ఆ మండలాల్లో పంపిణీ కొంత మెరుగుపడింది. కాల్ సెంటరు ఖర్చు పథకంతో పోలిస్తే చిల్లర.

కాబట్టి మనకి పనిముట్లూ తెలుసు, మనుషులూ ఉన్నారు. లేనిది అమరిక. నా మటుకు నాకు నాలుగు కావాలనిపిస్తుంది. తనిఖీ అధిపతిని శాసనసభ నియమించాలి, ప్రతిపక్షం కూడా ఒప్పుకోవాలి. డబ్బు ఆ శాఖ దయ మీద కాకుండా, పథకం బడ్జెట్‌లో ఇంత శాతమని చట్టం ద్వారానే రావాలి. నివేదిక ఎవరి అనుమతీ లేకుండా ఫలానా తేదీకల్లా తెలుగులో బయటికి రావాలి. ప్రతి లోపానికీ ఒక బాధ్యుడు, ఒక గడువు ఉండాలి, మూయకపోతే మరుసటి నివేదికలో అది మళ్ళీ కనబడాలి. చివరిది లేకపోతే మొదటి మూడూ దండగ.

ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. ఇకముందు పథకాల పేర్లూ యాప్‌లూ ఇంకా ఎన్నో మారతాయి. మనం ఇక్కడి నుంచి ఓటు వెయ్యలేకపోవచ్చు గానీ, మన ఊరి నాయకులు షికాగో, డాలస్, బే ఏరియా సభలకి వస్తూనే ఉంటారు, మనకి తమ డాష్‌బోర్డులు చూపిస్తూనే ఉంటారు. చప్పట్లు కొట్టే ముందు వృత్తిధర్మంగా మనం ఒక ప్రశ్న వేద్దాం: "సార్, దీన్ని పరీక్షించినవాళ్ళు ఎవరికి రిపోర్టు చేస్తారు?"