కండ్లు కావు, దీపం

మా చిన్నాయన ముప్పై ఏండ్లుగా సోలాపూర్‌లో చద్దర్ల కార్ఖానాలో మగ్గం నడిపిస్తున్నాడు. మొన్న రాత్రిపాళీలో ముదురెరుపు చద్దరు నేస్తుంటే పేక నూలు అయిపోయింది. పక్క పెట్టెలోంచి ఇంకో కోను తీసి ఎక్కించాడు. దీపం కింద రెండూ ఒకటే రంగు. తెల్లారి ఎండలో విప్పి చూస్తే నడిమధ్యన చార! సేటు కూలీలో కోత పెట్టాడు. ఇంటికొచ్చి, "నా కండ్లు అయిపోయినయి బిడ్డా, ఇగ మగ్గం బందు పెడ్త" అన్నాడు.

కంటి డాక్టరుకు చూపించాం. చూపు బాగానే ఉందన్నాడు. అప్పుడు నా అనుమానం కార్ఖానాలో కొత్తగా పెట్టిన ఎల్‌ఈడీ దీపాల మీదికి పోయింది.

మామూలు ఎల్‌ఈడీ లోపల పుట్టేది తెల్ల వెలుగు కాదు, నీలి వెలుగు. దానిమీద పసుపురంగు పొడి పూస్తారు. ఇట్రియం, అల్యూమినియం కలిసిన ఆ పొడిలో సీరియం అనే లోహం చిటికెడు ఉంటుంది. ఒడిశాలో మనవాళ్లున్న ఛత్రపురం దిక్కు సముద్రపు ఇసుకలో దొరికే మోనజైట్‌లోనూ సీరియం ఉంది. ఆ పొడి కొంత నీలి వెలుగును మింగి పసుపు వెలుగు ఇస్తుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు.

కానీ అందులో ముదురెరుపు తక్కువ. ఎర్రనూలు తనమీద పడ్డ ఎరుపునే తిరిగి చూపించాలి కదా! పడేదే తక్కువైతే రెండు ఎరుపుల తేడా ఎట్లా తెలుస్తుంది? మంచి దీపాల్లో ఎరుపునిచ్చే ఇంకో పొడి కూడా కలుపుతారు. అందులో చాలాసార్లు యూరోపియం ఉంటుంది.

దీపం కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్ఐ అంకె చూడండి. నూరుకు ఎంత దగ్గరైతే రంగులు అంత సరిగా కనబడతాయి. రంగు చూసే పనికి 90 దాటింది మేలు. ముదురెరుపుకు ఆర్9 అని వేరే అంకె ఉంది. సీఆర్ఐ 80 ఉన్నా ఇది సున్న దగ్గరే ఉండొచ్చు. అందుకే అదీ అడగండి.

కార్ఖానా అంతా మార్చక్కరలేదు. కోన్లు పెట్టేచోట అట్లాంటి దీపం ఒక్కటి ఉన్నా రాత్రిపాళీ వాళ్లకు ఆసరా. పగలైతే రెండు పోగులూ వాకిట్లోకి తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి.

చిన్నాయన మగ్గం మానలేదు. కోసిన కూలీ మాత్రం ఇంకా రాలేదు. ఈసారి సేటు దగ్గరికి ఆ రెండు కోన్లూ పట్టుకొని నేనూ వెంట పోతున్నా.