మూత బిగిస్తే ఆరని దీపం
ముఖేడ్ నుంచి సోయా, పత్తి వేసుకుని దెగ్లూర్ మీదుగా మద్నూర్ వైపు వచ్చే పికప్ బళ్ళు ఎక్కువగా డీజిల్‌వే. అలాంటి బండి డాష్‌బోర్డులో పసుపు ఇంజన్ దీపం వెలగ్గానే, ‘ట్యాంకు మూత గట్టిగా తిప్పు, ఆరిపోతుంది’ అని ఫోన్లో చూసిన సలహా అప్పజెప్పేవాళ్ళను చూస్తే ఒళ్ళు మండుతుంది. అది డాలస్‌లో పెట్రోల్ ట్రక్కు నడిపే మనవాడికి చెప్పాల్సిన మాట. అమెరికాలో 1996 మోడళ్ళ నుంచి బండి తన లోపాలను తానే పసిగట్టే ఓబీడీ-2 వ్యవస్థ తప్పనిసరి; ట్యాంకులోని పెట్రోల్ ఆవిరి బయటికి పోతోందేమో కంప్యూటరే పరీక్షిస్తుంది. మూత వదులైతే పీ0457 కోడ్ పడుతుంది. అతను రబ్బరు వాషరు పగిలిందేమో చూసి, టిక్కుమనేదాకా మూత తిప్పి, కొన్నాళ్ళు మామూలుగా నడుపుకోవాలి. పరీక్ష మళ్ళీ నెగ్గితేగానీ దీపం ఆరదు, ఆ పూటే ఆరలేదని మెకానిక్ మీద విరుచుకుపడి లాభం లేదు. డీజిల్ పెట్రోల్‌లా ఆవిరైపోదు కాబట్టి దానికి ఆ పరీక్షే లేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక మన బళ్ళలో ఆ దీపం వెనక పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టరు ఉండొచ్చు, కొంత పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు ఉండొచ్చు, ఏదో సెన్సరు ఉండొచ్చు. స్కానర్ పెట్టి కోడ్ చదివించాలి. చదివించమంటున్నాను, చెరిపించమనడం లేదు. కారణం వెతక్కుండా దీపం ఆర్పి డబ్బు పుచ్చుకోవడం రిపేరు కాదు. మూతనూ చూడండి, కాకపోతే వేరే కారణానికి: వానాకాలంలో పాడైన వాషరు సందున నీళ్ళు డీజిల్‌లోకి దిగితే ఇంజెక్టర్లకు ముప్పు.