ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన గురువు

1880 ప్రాంతాన చైనాలోని హునాన్ రాష్ట్రంలో, ఇరవై ఏళ్లయినా సరిగా నిండని ఒక వడ్రంగి, ఒక ఆసామి ఇంట పని చేస్తూ ఒక బొమ్మల పుస్తకాన్ని చూశాడు. కొనే స్తోమత లేదు. అడిగి తెచ్చుకొని, రాత్రివేళ దీపపు వెలుతురులో, పలుచని కాగితం పరచి ప్రతి బొమ్మకూ నకలు తీసుకున్నాడు. ఆ పనికి నెలలు పట్టింది. అనంతర కాలంలో ప్రపంచఖ్యాతి గడించిన చిత్రకారుడు చీ బైషీ (1864-1957) ఆయనే.

ఆ పుస్తకం పేరు ‘ఆవగింజ తోట చిత్రలేఖన గ్రంథం’. నాన్జింగ్ నగరాన లీ యూ అనే రచయితకు ఒక చిన్న తోట ఉండేది. ఆవగింజలో మేరుపర్వతం ఇముడుతుందన్న బౌద్ధుల మాటను తలచి దానికా పేరు పెట్టాడు. ఆయన అల్లుని వద్దనున్న పాత ప్రకృతి దృశ్యాల నమూనాలను వాంగ్ గై అనే చిత్రకారుడు విస్తరించి, క్రమపరిచాడు. 1679లో మొదటి భాగం కొయ్య అచ్చులతో వెలువడింది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క దిమ్మెను విడిగా చెక్కి, ఒకదాని వెంట ఒకటిగా అదే కాగితంపై అద్దారు.

అందులోని బోధనాక్రమం ముచ్చటైనది. మొదట ఆకులు లేని ఒంటి చెట్టు. ఆపైన జంట చెట్లు. పిమ్మట ఆకుల తీరులు. చెట్ల తరువాత రాళ్లు, కొండలు. అటు తరువాత మనుషులు, ఇళ్లు. చివరకు సంపూర్ణ దృశ్యాలు. ఏ పూర్వాచార్యుడు ఏ కుంచెగీతతో కొండకు గరుకుదనం కల్పించాడో పేరుపేరునా చూపారు. అంతవరకు సంపన్నుల పెట్టెలలో దాగిన విద్య అచ్చు పుణ్యమా అని పల్లెలకు చేరింది. సముద్రం దాటి జపాను చిత్రకారులకూ గురువయింది.

దీనివల్ల చిత్రాలన్నీ ఒకే మూసలో పడ్డాయన్న నింద లేకపోలేదు. కానీ పద్ధతి పట్టుబడ్డాక దానిని దాటిపొమ్మనే ఆ గ్రంథం ఉద్బోధ. చీ బైషీ అదే చేశాడు. నీటిపాత్రలో రొయ్యలను పెంచి, వాటి కదలికలను గమనించి గీశాడు.

కొయ్యనే నమ్ముకొన్న మన బస్తరులో విద్య నడిచిన దారి వేరు. నారాయణపూర్ జిల్లా గఢ్ బెంగాల్ గ్రామానికి చెందిన మురియా కళాకారుడు పండీరామ్ మండావి కొయ్యశిల్పానికి, గాలిలో తిప్పితే పలికే ‘సులుర్’ అనే వెదురు వేణువుకు పేరొందాడు. ఆయనకు 2025లో పద్మశ్రీ ప్రకటించారు. బాల్యంలో తండ్రి పక్కన కూర్చొని నేర్చిన విద్య అది. ఉలి పట్టిన చేతి ఒడుపును, వెదురు పలికే స్వరాన్ని ఏ పుస్తకమూ పూర్తిగా అందించలేదు. అయితే పక్కన కూర్చునే పిల్లవాడు కరవైన నాడు ఆ విద్య చేతితోనే అంతరిస్తుంది. గురువు దొరకని వానికి పుస్తకం దారి చూపుతుంది. పుస్తకంలో ఇమడని దానికి గురువే దిక్కు. ఈ రెంటిలో ఏది లోపించినా నష్టపోయేది రాబోయే తరమే.