నాలుగు ఖాళీ జేబులు

చిన్నప్పుడు అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేయనివాళ్లు మా ఈడువాళ్లలో తక్కువ. ఓడ బొమ్మ, గుర్రం బొమ్మ, చిరుత బొమ్మ... నిక్కరు జేబు ఎప్పుడూ ఉబ్బే ఉండేది. అన్నీ ఉండి ఒక్కటి లేకపోతే అన్నం సహించేది కాదు. ఆ ఒక్కటి ఎదురింటి కుర్రాడి దగ్గరుంటే నాలుగిచ్చి అయినా తెచ్చుకునేవాళ్లం. దానికి చిరుగుందా, నూనె మరకుందా అని చూసిందెవరు?

ఈ పిచ్చి మన ఒక్కరిదే కాదని నాకు న్యూజెర్సీలో తెలిసింది. మా అమ్మాయి దగ్గర ఉన్న ఆర్నెల్లలో పక్కింటి పెద్దాయనతో స్నేహం కుదిరింది. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. వయసు 78. ఓ సాయంత్రం కాఫీకి పిలిచి, లావుపాటి ఫైలొకటి నా ముందు పెట్టారు. పేజీకి తొమ్మిది ప్లాస్టిక్ జేబులు. ఒక్కో జేబులో పేకముక్కంత అట్ట. ముందు బేస్‌బాల్ ఆటగాడి ఫొటో, వెనక అతని ఆట లెక్కలు. 1957లో టాప్స్ అనే కంపెనీ బబుల్‌గమ్‌తో పాటు ఇచ్చిన కార్డులవి. మొత్తం 407.

"పదేళ్లప్పుడు పోగేశాను. నేను సైన్యంలో ఉండగా మా అమ్మ ఇల్లు సర్దుతూ డబ్బా పారేసింది" అన్నారాయన. రిటైరయ్యాక మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టారట. నేను చూసేసరికి నాలుగు జేబులు ఖాళీ.

ఆ ఖాళీ జేబు ఎంత బాధపెడుతుందో కంపెనీలకు బాగా తెలుసు. 1933లో గౌడీ అనే గమ్ కంపెనీ 240 కార్డులంటూ సెట్ వేసి, 106వ నంబరు మాత్రం అచ్చే వేయలేదు. పాపం పిల్లలు అది దొరుకుతుందేమోనని గమ్ కొంటూనే పోయారు. కార్డు ఏదని ఉత్తరాలు రాసినవాళ్లకు మాత్రం మర్నాడు కాదు, మరుసటేడు పోస్టులో పంపారు. అడిగితే తప్ప అమ్మయినా పెట్టదని ఊరికే అన్నారా!

ఇప్పుడు ఈ అట్టముక్కల బజారు వేరు. కార్డును పరీక్షించి, మూలలు, అంచులు, పైపూత, బొమ్మ నడిమధ్యన ఉందా లేదా చూసి, పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇచ్చే కంపెనీలున్నాయి. దాన్నే గ్రేడింగ్ అంటారు. మార్కు పెరిగితే ధర చుక్కలనంటుతుంది. 1952 నాటి మికీ మ్యాంటిల్ కార్డు ఒకటి, పదికి తొమ్మిదిన్నర మార్కులది, 2022లో కోటీ 26 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో అప్పటికి దాదాపు 100 కోట్ల రూపాయలు!

మా పెద్దాయన ఆ జోలికి పోరు. ఆయన కొనేవి మార్కులు వేయని కార్డులు. వాళ్ల భాషలో 'రా' కార్డులు, అంటే పచ్చివన్నమాట. మామూలు ఆటగాడి కార్డు, మూలలు అరిగినది, కొన్ని డాలర్లకే వస్తుంది. దానికి గ్రేడింగ్ చేయిస్తే కోడి కంటే మసాలాకే ఎక్కువవుతుంది. పైగా ప్లాస్టిక్ పెట్టె ఆయన ఫైల్లో పట్టదు.

అలాగని కళ్లు మూసుకుని కొనరు సుమా. ఓసారి ఆయనా మోసపోయారు. ఆ నాలుగు ఖాళీల్లో ఒకటి 95వ నంబరు, మళ్లీ ఆ మ్యాంటిల్‌దే. ఒక వ్యాపారి దగ్గర చవగ్గా కనిపించింది. మూలలు సూదుల్లా ఉన్నాయి. ఇంటికి తెచ్చి, అదే సెట్లోని మామూలు కార్డు మీద పెట్టి చూస్తే వెంట్రుకవాసి పొట్టి! అరిగిన అంచును ఎవరో బ్లేడుతో కోసి కొత్తదానిలా చేశారు. డబ్బు తిరిగి రాలేదు. ఆ కార్డు సొరుగులో ఉంది గానీ ఫైల్లోకి ఎక్కలేదు.

"మరి ఈ ముడతలవాటికి చోటిచ్చారుగా?" అన్నాను.

"ముడత వయసు వల్ల వచ్చింది. కోత నన్ను మోసం చేయడానికి పెట్టింది" అన్నారాయన.

అప్పట్నుంచి ఆయన పద్ధతి ఇది. పేరున్న ఆటగాడి కార్డు గ్రేడింగ్ లేకుండా చవగ్గా వస్తుంటే, ఎందుకు చేయించలేదో ముందు అడుగుతారు. ముందూ వెనకా రెండూ చూస్తారు. భూతద్దంలో అచ్చు చుక్కలు చూస్తారు. అతినీలలోహిత కాంతి టార్చి కూడా ఉంది. ఈ కాలపు కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం వల్ల కొత్తగా అచ్చేసిన నకిలీ ఆ వెలుగులో మెరుస్తుంది. పాత అట్ట మెరవదు. తిరిగి తీసుకోనంటే కొనరు.

మార్కులుంటే భయం లేదనుకుంటున్నారా? 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డు ఈ లోకంలో కోహినూరు. వాటిలో పదికి ఎనిమిది మార్కులొచ్చిన ప్రసిద్ధమైన కార్డు అంచులు తానే కత్తిరించానని బిల్ మాస్ట్రో అనే వేలందారు 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు.

ఇంకో వైపు జెఫర్సన్ బర్డిక్‌ను చూడండి. సిరక్యూస్‌కు చెందిన ఈయన ఇలాంటి కార్డులకు మొదటి జాబితా తయారుచేసినవాడు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లుపోతున్నా, ఏళ్ల తరబడి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి వెళ్లి, 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులతో సహా తన సేకరణంతా ఆల్బమ్‌లలో సర్దాడు. 1963 జనవరిలో పని పూర్తయింది, మార్చిలో కన్నుమూశాడు. కార్డులను ఆయన ఆల్బమ్‌లకు అతికించింది జిగురుతో! జిగురంటిన కార్డుకు ఈనాడు మార్కులు గుండుసున్నాకు దగ్గర. అయినా అన్నీ ఒక్కచోట ఉండాలన్నదే ఆయన తపన.

నేను తిరిగొచ్చే ముందు ఆదివారం పెద్దాయన నన్ను కార్డుల సంతకు తీసుకెళ్లారు. 1957 సెట్లో 265 నుంచి 352 దాకా నంబర్లు అరుదు. ఆయన ఖాళీల్లో మిగతా మూడూ అందులోవే. ఓ బల్ల మీద అట్టపెట్టెలో ఒకటి దొరికింది. మధ్యలో మడత. వెనక బాల్‌పెన్నుతో వంకరటింకర అక్షరాల్లో ఎవరో పిల్లాడి పేరు. ఎవరూ కొనడం లేదని అమ్మేవాడే చెప్పాడు. ఆరు డాలర్లు.

కారులో కూర్చుని ఆ పేరు రెండుసార్లు చదువుకున్నారు. ఇల్లు చేరగానే జేబులో పెట్టి, "ఇక మూడు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "చిన్నప్పుడు మీరేం దాచుకునేవారు?" అని అడిగారు.

అగ్గిపెట్టె బొమ్మల సంగతి చెప్పాను.

"ఇప్పుడెక్కడున్నాయి?"

"నేను కాలేజీ హాస్టల్లో ఉండగా మా అమ్మ ఇల్లు సర్దింది" అన్నాను.