కారమొక్కటేనా మన రుచి?

బెంగళూరులో ఆదివారం మధ్యాహ్నం ఆంధ్రా భోజన హోటళ్ల ముందు వరుస కట్టేది తెలుగువాళ్లు మాత్రమే కాదు. కన్నడిగులు, తమిళులు, ఉత్తరాది నుంచి ఉద్యోగాలకొచ్చిన కుర్రకారు అందరూ అరిటాకు ముందు కూర్చుని కందిపొడిలో నెయ్యి కలుపుకుంటున్నారు. రెసిడెన్సీ రోడ్డు నుంచి మారతహళ్లి దాకా ‘ఆంధ్రా స్టైల్’ బోర్డుకు ఉన్న గిరాకీ అది. సంతోషించాల్సిన విషయమే. అయితే ఆ బోర్డు కింద చాలాచోట్ల దొరికేది ఒకటే మూస: పప్పు, గోంగూర, బిర్యానీ, పచ్చిమిర్చి దట్టించిన చిల్లీ చికెన్. కారం ఎక్కువైతే ఆంధ్రా, తక్కువైతే కర్ణాటక అనే లెక్క స్థిరపడిపోయింది. సరిహద్దు జిల్లాల వంటకు ఈ లెక్కలో చోటెక్కడ?

నిజానికి కొత్త వంటకాన్ని ఆదరించడంలో బెంగళూరును మించిన ఊరు దక్షిణాదిలో అరుదు. 1924లో మొదలైన మావళ్లి టిఫిన్ రూమ్స్, అదే ఎంటీఆర్, ఇందుకు మంచి ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో బర్మా జపాన్ వశమై అక్కడి బియ్యం రాక ఆగిపోయింది. బియ్యం లేకుండా ఇడ్లీ ఎలా? గోధుమల నుంచి వచ్చే బొంబాయి రవ్వను నేతిలో వేయించి, ఆవాలు, జీడిపప్పు తాలింపు పెట్టి, పెరుగు, వంటసోడా కలిపి ఆవిరి మీద ఉడికించారు. రవ్వ ఇడ్లీ అలా పుట్టిందని ఎంటీఆర్ వారు చెబుతారు. రాత్రంతా నానబెట్టే పని లేదు, రుబ్బే పని లేదు. యుద్ధం ముగిసింది, కొరత తీరింది, రవ్వ ఇడ్లీ మాత్రం నిలిచిపోయింది. ఎమర్జెన్సీలో ప్రభుత్వం హోటల్ ధరలకు కళ్లెం వేసినప్పుడు అదే సంస్థ హోటల్ మూసేసి, పొడులు, పిండి మిశ్రమాల అమ్మకానికి దిగింది. తర్వాత హోటల్ మళ్లీ తెరుచుకుంది, పొడుల వ్యాపారం దేశదేశాలకు పాకింది.

దర్శినుల కథా ఇలాంటిదే. 1983లో జయనగరలో మొదలైన కేఫ్ దర్శిని కుర్చీలు తీసేసింది, సప్లయర్లను తగ్గించింది. టోకెన్ తీసుకుని, నిలబడి తినిపోయే పద్ధతి తెచ్చింది. కొద్దిపాటి జాగాలో, తక్కువ ధరకు, వేడివేడి టిఫిన్ దొరకడంతో నగరమంతా దర్శినులు వెలిశాయి. ఇక్కడా ఇబ్బందే దారి చూపింది. పెట్టుబడి కన్నా బుర్ర ఎక్కువ పనిచేసింది.

మరి మనవాళ్ల చేతిలో సరుకు లేదా? బోలెడుంది. ఏటా చలికాలంలో బెంగళూరులో జరిగే అవరెబేళె మేళాకు జనం పోటెత్తుతారు. ఒకే గింజతో దోసె నుంచి జిలేబీ దాకా చేసి అమ్ముతారు. కోలారు, చిత్తూరు పల్లెల్లో మన ఆడవాళ్లు నానబెట్టి, తొక్క పితికి కూర వండే అనపగింజ అదే. మనం ఇంట్లో తిని ఊరుకున్న పితికిపప్పును వాళ్లు పండగ చేశారు. అనంతపురం ఉగ్గాని, బళ్లారి ఒగ్గరణె ఒకే తల్లి బిడ్డలు. బొరుగులు తడిపి పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెడితే ఏ దర్శినికీ తీసిపోని టిఫిన్. సంగటి అన్నా, ముద్దె అన్నా అదే రాగి. ఓలిగ అన్నా, హోళిగె అన్నా అదే పూర్ణం. రెండు భాషల్లోనూ పేరున్న వంటకు రెండు రాష్ట్రాల్లోనూ గిరాకీ ఉంటుంది.

భారత్ ప్రతిపాదనతో ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. నగరంలో ఖరీదైన హోటళ్లు రాగిని గాజు పళ్లేల్లోకి ఎక్కించాయి. రాగి పండించే ఊళ్ల పక్కన, బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంట ఆగే ప్రయాణికుడికి మాత్రం ఎక్కువగా కనిపించేది గోబీ మంచూరియా, పనీర్ బటర్ మసాలా. ఢిల్లీ మెనూను ఎరువు తెచ్చుకుని చిన్న హోటల్ పెద్ద గొలుసు హోటళ్లతో పోటీ పడగలదా? అక్కడ దొరకనిది పెడితేనే కదా బండి ఆగేది!

ఇందుకు పెద్ద పథకాలు అక్కర్లేదు. హిందూపురం, మదనపల్లె, చింతామణి, బాగేపల్లి హోటళ్లవాళ్లు మెనూలో ఒక్క సొంత వంటకానికి చోటివ్వాలి. బోర్డు మీద తెలుగులో, కన్నడలో దాని పేరు రాయాలి. రాగి, అనపకాయ, వేరుసెనగ చుట్టుపక్కల రైతు దగ్గరే కొనాలి. సంగటి కెలకడం, ఊరుబిండి నూరడం తెలిసిన పల్లె ఆడవాళ్లకు వంటగదిలో సరైన జీతంతో పని ఇవ్వాలి. ధర కూలివాడి జేబుకు అందాలి. తినేవాళ్ల వంతు కూడా ఉంది. బెంగళూరు నుంచి సొంతూరికి పోయే కుటుంబం పిల్లలకు నూడుల్స్‌కు బదులు ఒక్కపూట ఉగ్గాని చెప్పి చూడాలి. అడిగేవాడుంటేనే వండేవాడికి ధైర్యం.

బియ్యం దొరకని రోజుల్లో ఒక హోటల్ రవ్వతో ఇడ్లీ చేసి నిలబడింది. మనకు కొరత లేదు, చేతినిండా సరుకుంది. పెరట్లో రుచి పెట్టుకుని అరువు రుచి అమ్ముకోవడం ఇకనైనా మానాలి.