కూడు పెట్టిన భాష

"భాష కూడు పెడుతుందా?" అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. తెలుగు మాధ్యమం ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు దీనిని బ్రహ్మాస్త్రంలా సంధిస్తూనే ఉంటారు. సంధించినవారు జవాబుకోసం ఆగరు. ప్రశ్న రూపంలో వారప్పటికే తీర్పు చెప్పేసి ఉంటారు. ఈ టపాలో నేను దానిని ప్రశ్నగానే తీసుకుని, మనకు ఏ చుట్టరికమూ లేని ఒక దేశపు టెలివిజన్ వ్యాఖ్యాత ఉద్యోగజీవితంలో జవాబు వెదకదలచాను. సాహిత్యం వ్రాసుకునే చోట లంగరమ్మల గొడవేమిటని మిత్రులు ముక్కున వేలేసుకోవచ్చు. కాస్త ఓపిక పట్టమని మనవి.

ఆమె పేరు ఆలెక్స్ జోన్స్. 1977లో వేల్స్ నైరుతి భాగాన, కార్మార్తెన్‌షైర్‌లోని అమ్మన్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. ఒకనాటి బొగ్గుగనుల ప్రాంతమది. ఆమె పెరిగిన భాష వెల్ష్, చదివిన బడి వెల్ష్ మాధ్యమపు బడి. అబెరిస్ట్విత్ విశ్వవిద్యాలయంలో నాటకం, చలనచిత్రం, టెలివిజన్ ప్రధానాంశాలుగా చదువుకుని, మొదట కెమెరా వెనుక పనిచేసి, తరువాత ముందుకు వచ్చారు. వచ్చినది ఎస్ ఫోర్ సి అనే వెల్ష్ భాషా ఛానెల్‌లో. దాదాపు పదేళ్ళు ఆమె చేసిన పనిలో అధికభాగం 'ప్లానెడ్ ప్లాంట్' వంటి పిల్లల కార్యక్రమాలే. ఆ పేరుకు అర్థం 'పిల్లల గ్రహం'. మాజీ రగ్బీ క్రీడాకారుడు జోనథన్ డేవిస్ పేరు మీద నడిచిన కబుర్ల కార్యక్రమంలోనూ ఆమె సహవ్యాఖ్యాత.

2010 ఆగస్టులో ఆలెక్స్ లండన్ చేరి, బీబీసీ వన్‌లో సాయంత్రం ఏడు గంటలకు వచ్చే 'ది వన్ షో'లో కూర్చున్నారు. బ్రిటన్‌లో భోజనాలవేళ ఇంటింటా మ్రోగే కార్యక్రమమది. అంతవరకూ వేల్స్ వెలుపల ఆమె పేరు విన్నవారు తక్కువ. మొదట పక్కన కూర్చున్న జేసన్ మాన్‌ఫర్డ్ మూడు నెలలకే వెళ్ళిపోయారు. 2011లో చేరిన మాట్ బేకర్ 2020లో సెలవు తీసుకున్నారు. ఆ తరువాత కూడా ఆమె ఆ సోఫాలోనే ఉన్నారు. ఈ మధ్యలో 2011లో నృత్యపోటీలో ఆడారు. 2014లో ఒక దాతృత్వ నిధికోసం అమెరికాలోని జయన్ జాతీయోద్యానవనంలో సుమారు 1,200 అడుగుల నిట్టనిలువు శిలను ఎక్కారు. 2016లో సంతానసాఫల్యం గురించి ఒక డాక్యుమెంటరీ చేశారు. ఇన్ని చేసినా ఉచ్చారణలోని వెల్ష్ యాసను దాచుకోలేదు.

సరే, ఒక అమ్మాయి చిన్న ఊరినుంచి బయలుదేరి పెద్ద ఊళ్ళో పేరు తెచ్చుకుంది, ఇందులో వింతేముంది? వింత ఆమె మొదటి మెట్టులో ఉంది. ఆ మెట్టు దానంతట అది ఏర్పడలేదు.

వేల్స్ జనాభా సుమారు ముప్పయి ఒక్క లక్షలు. 2021 జనగణన ప్రకారం వెల్ష్ మాట్లాడగలమని చెప్పినవారు 5 లక్షల 38 వేలు, అంటే నూటికి పద్ధెనిమిదిమంది. మన 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా వ్రాయించుకున్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఒక్కొక్క వెల్ష్ భాషికి నూటయాభైమంది తెలుగువాళ్ళమన్నమాట. పైగా వెల్ష్ మాట్లాడే పెద్దలందరికీ ఇంగ్లీషు వచ్చు. వ్యాపారి దృష్టితో చూస్తే ఆ భాషలో ఒక టెలివిజన్ ఛానెల్ పెట్టడానికి కారణం ఒక్కటీ కనిపించదు. 1970లలో బీబీసీలోనూ వాణిజ్య ఛానెల్‌లోనూ ఇంగ్లీషు కార్యక్రమాల సందుల్లో అక్కడొకటీ అక్కడొకటీ వెల్ష్ కార్యక్రమం వేసేవారు. వెల్ష్ రానివారికి అవి అడ్డు, వచ్చినవారికి అవి చాలవు.

1979 ఎన్నికల్లో కన్సర్వేటివు పార్టీ నాలుగవ ఛానెల్‌ను వేల్స్‌లో వెల్ష్ కార్యక్రమాలకు కేటాయిస్తామని మాట ఇచ్చింది. గెలిచిన కొద్ది నెలలకే మాట తప్పింది. ఆ అక్టోబరులో ముగ్గురు విద్వాంసులు, పెన్నార్ డేవిస్, మెరెడిథ్ ఎవాన్స్, నెడ్ థామస్, పెన్‌కారెగ్ వద్దనున్న ట్రాన్స్‌మిటర్ కేంద్రంలోకి వెళ్ళి దానిని ఆపేశారు. వారిలో మెరెడిథ్ ఎవాన్స్ అంతకు ముందు బీబీసీ వేల్స్‌లో వినోద కార్యక్రమాల అధిపతి. తాను నడిపిన సంస్థ ప్రసారాన్ని తానే ఆపి, కోర్టులో నిలబడ్డ మనిషి. ఎందరో టెలివిజన్ లైసెన్సు రుసుము కట్టమన్నారు, కొందరు జైలుకు వెళ్ళారు.

1980 మే నెలలో ప్లైడ్ కమ్రి పార్టీ అధ్యక్షుడు గ్విన్‌వోర్ ఎవాన్స్ ఒక ప్రకటన చేశారు. ప్రభుత్వం మాట నిలబెట్టుకోకపోతే అక్టోబరు 6న నిరాహారదీక్ష మొదలుపెడతాననీ, ఛానెల్ వచ్చేదాకా లేదా ప్రాణం పోయేదాకా విరమించననీ దాని సారాంశం. అప్పుడాయన వయసు 67. గాంధీని అభిమానించిన శాంతివాది, రెండవ ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనన్నవాడు. ఆయన ఇంగ్లీషు మాట్లాడే ఊళ్ళో పుట్టి వెల్ష్‌ను తరువాత పట్టుదలగా నేర్చుకున్నవాడని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. సెప్టెంబరు 17న మార్గరెట్ థాచర్ ప్రభుత్వం వెనక్కు తగ్గింది. దీక్ష మొదలుకాకముందే ముగిసింది. 1982 నవంబరు 1న ఎస్ ఫోర్ సి ప్రసారం మొదలైంది.

తెలుగువాడికి ఈ కథ చదువుతుంటే పొట్టి శ్రీరాములు గుర్తు రాక మానడు. 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టి, 58 రోజుల తరువాత డిసెంబరు 15న ప్రాణం విడిచాడు. ఆ చావుతోగాని ఢిల్లీ కదలలేదు. శ్రీరాములు కోరినది రాష్ట్రం, గ్విన్‌వోర్ ఎవాన్స్ కోరినది టెలివిజన్ ఛానెల్; రెండూ ఒకటని నేననను. కానీ పోలిక ఉన్నంతమేరకు ఒక ప్రశ్న నన్ను వదలదు. ప్రాణమిచ్చి తెచ్చుకున్నదానితో మనం ఏం చేసుకున్నాం, ప్రాణం దక్కించుకుని తెచ్చుకున్నదానితో వారేం చేసుకున్నారు?

వారు చేసుకున్నది ఇది. ఛానెల్ మొదలైననాటికి ఆలెక్స్ జోన్స్‌కు అయిదేళ్ళు. తన భాషలో ఛానెల్ ఉండడం సహజమేనని అనుకుంటూ పెరిగిన మొదటి తరం పిల్ల. ఆ తరం చదువు ముగించేసరికి వెల్ష్ మాట్లాడగలగడం ఒక ఉద్యోగార్హత అయింది. రచయితలు, కెమెరా పట్టేవారు, కూర్పు చేసేవారు, గొంతు అరువిచ్చేవారు, వీరందరికీ వెల్ష్ కూడు పెట్టింది. ఆలెక్స్ ఒక్కరే కాదు. కార్డిఫ్‌లో పుట్టిన గెథిన్ జోన్స్ కూడా ఇదే ఛానెల్‌లో పిల్లల కార్యక్రమాలు చేసి, 2005లో బీబీసీవారి సుప్రసిద్ధ పిల్లల కార్యక్రమం 'బ్లూ పీటర్'కు వెళ్ళాడు.

చిన్న భాషలో పనిచేయడం బావిలో కప్పలా ఉండడమని మనలో ఒక మూఢనమ్మకం ఉంది. నాకు అది బావిలా కాక సాముగరిడీలా కనిపిస్తుంది. గరిడీలో పడవచ్చు, లేవవచ్చు, గురువు ఎదుట తప్పులు చేయవచ్చు. పెద్ద భాష వేదికమీద మొదటి తప్పుకే దింపేస్తారు. ఎదుట అల్లరిచేసే పిల్లలను పెట్టుకుని, ప్రత్యక్ష ప్రసారంలో, తన భాషలో ఏళ్ళతరబడి తడుముకోకుండా మాట్లాడడం అభ్యసించినవారికి లండన్ సోఫాలో కూర్చోవడం కష్టమవుతుందా? ఆలెక్స్ ఇంగ్లీషులో రాణించడానికి వెల్ష్ అడ్డురాలేదని చెప్పి ఊరుకుంటే అది సగం నిజమే అవుతుంది. ఆమెకు పని నేర్పినదే వెల్ష్ అని నా అభిప్రాయం.

ఇక్కడ ఇద్దరు ఆక్షేపించవచ్చు. మొదటివారు అంటారు: "చివరికి వెళ్ళింది ఇంగ్లీషుకే కదా! అంటే ఆ ఛానెల్ లండన్‌కు మనుషులను తయారుచేసి పంపే కర్మాగారమైంది." ఈ మాటలో నిజముంది. పెద్ద చెరువుకు చేప వెళ్ళడం ఎవరూ ఆపలేరు. కానీ వెళ్ళినవారిని చూసి బాధపడేకంటే, వారి వెనుక గరిడీ ఇంకా నడుస్తున్నదా అని చూడడం ముఖ్యం. ఆ గరిడీకి గండం రానే వచ్చింది. ఆలెక్స్ లండన్ చేరిన 2010లోనే, అక్టోబరులో, ప్రభుత్వం ఎస్ ఫోర్ సి నిధులకు భారీ కోత ప్రకటించి, దాని పోషణభారంలో అధికభాగాన్ని బీబీసీ లైసెన్సు రుసుముమీదకు నెట్టింది. అదే ఏడాది మొదట్లో ఆ ఛానెల్ కార్యక్రమాల్లో కొన్నింటికి రేటింగుల లెక్కలో ప్రేక్షకులు సున్నా అని పత్రికలు పరిహసించాయి. ఛానెల్‌వారిచ్చిన సమాధానం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆ సున్నాల్లో చాలావరకు పసిపిల్లల కార్యక్రమాలవనీ, నాలుగేళ్ళలోపు పిల్లలను రేటింగులవారు అసలు లెక్కించరనీ వారన్నారు. భాషను మొట్టమొదట అందుకునే ప్రేక్షకుడే లెక్కకు రాడన్నమాట!

రెండవ ఆక్షేపణ ఇంకా బరువైనది. ఛానెల్ వచ్చి నలభై ఏళ్ళయినా భాష పెరగలేదు. 2011లో 5 లక్షల 62 వేలున్న వెల్ష్ భాషులు 2021కి 5 లక్షల 38 వేలకు తగ్గారు, ఆ తరుగుదల ముఖ్యంగా పిల్లల్లోనే కనిపించింది. దీనిని నేను కాదనలేను. ఒక ఛానెల్ భాషను బ్రతికిస్తుందని ఎవరైనా అంటే అది అతిశయోక్తే. ఇల్లూ బడీ చేయవలసిన పని పెట్టె చేయలేదు. నేనంటున్నది ఇంతకంటే చిన్నమాట. ఆ ఛానెల్ లేకపోతే అమ్మన్‌ఫర్డ్ పిల్లకు తన భాషలో జీతం వచ్చే మొదటి ఉద్యోగం దొరికేది కాదు. "కూడు పెడుతుందా?" అన్న ప్రశ్నకు "పెట్టింది" అని చూపించడానికి ఒక మనిషి ఉండేది కాదు. అటువంటి మనుషులు కళ్ళెదుట కనబడినప్పుడే తల్లిదండ్రులకు పిల్లలను ఆ భాషలో చదివించే ధైర్యం వస్తుంది.

ఇక మన సంగతి. మనకు ప్రేక్షకులు కరువు కాదు, ఛానెళ్ళూ కరువు కాదు. ఎందరో వ్యాఖ్యాతలు తెలుగు ఛానెళ్ళ పుణ్యమా అని జీవిస్తున్నారు. అంటే మన భాష కూడు పెడుతూనే ఉంది! కానీ పెట్టిన చేతికి గౌరవం ఇవ్వడం మనకింకా రాలేదు. తెలుగు రాకపోవడం తెలుగు వ్యాఖ్యాతకు లోపం కాదు, ఒక్కొక్కప్పుడు అలంకారం. ఇక పిల్లల మాట తలుచుకుంటే సిగ్గు వేస్తుంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణిలో 'బాలానందం' నడిపిన జాతి మనది. ఆ మైకు ముందు మాట్లాడడం నేర్చుకున్న పిల్లలు తరువాత ఎన్నో రంగాల్లో పేరు తెచ్చుకున్నారు. అదీ ఒక గరిడీయే. ఇవాళ ఇన్ని ఛానెళ్ళలో, డబ్బింగు బొమ్మలనూ పెద్దల సినిమాపాటలకు పసివాళ్ళను ఆడించే పోటీలనూ పక్కనబెడితే, పిల్లలకోసం తెలుగులోనే పుట్టి తెలుగులోనే నడిచే కార్యక్రమాలు ఎన్ని? అయిదున్నర లక్షలమందికి సాధ్యమైనది ఎనిమిది కోట్లమందికి ఎందుకు సాధ్యం కాలేదు? డబ్బు లేక కాదు. రేటింగుల పట్టికలో నాలుగేళ్ళ పిల్లవాడు కనబడడు గనుక.

2008లో ఎస్ ఫోర్ సి పసివాళ్ళకోసం 'కియూ' అనే ప్రత్యేక ప్రసారం మొదలుపెట్టింది. ఆ మాటకు కోడిపిల్ల అని అర్థం. ఈనాడు దానిని చూస్తున్నవారిలో ఏ పిల్ల ముప్పయ్యేళ్ళ తరువాత ఏ సోఫాలో కూర్చుంటుందో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా దానికి ఖర్చు పెడుతున్నారు. తెలుగులో అటువంటి ఖర్చు ఎవరు పెట్టాలి? ప్రభుత్వాలా, ఛానెళ్ళా, విదేశాల్లోని తెలుగు సంఘాలా? నాకు తోచినంతవరకు మొదటి బాధ్యత ప్రభుత్వ ప్రసారసంస్థది. లాభం చూడనక్కరలేని చోటే పిల్లలకు చోటు దొరుకుతుంది. ఇంతకంటే మంచి మార్గం తోచినవారు వ్యాఖ్యల్లో వ్రాస్తే సంతోషిస్తాను. "భాష కూడు పెడుతుందా?" అన్న ప్రశ్న మాత్రం దయచేసి మళ్ళీ సంధించకండి.